పులుపా? క్షారమా? – పాలకేంద్రంలో తెలిసి ఉండవలసిన పాఠం



పాలకేంద్రంలో ఏ పరీక్ష చేసినా చివరకు తేల్చవలసినది ఒక్కటే. ఈ పాలు తీసుకోవచ్చునా, తీసుకోకూడదా? ఇందుకు మనం చేసే పరీక్షలు చాలావరకు ఆమ్లము, క్షారము అనే రెండు మాటల మీద ఆధారపడి ఉన్నాయి. టెస్టరుకు ఈ రెండు మాటలు తెలిస్తే చాలునని, పాలు పోసేవారికి అక్కరలేదని కొందరు అనుకుంటారు. అది సరికాదు. తన పాలను ఎందుకు తీసుకున్నారో, ఎందుకు తిప్పి పంపారో ప్రతి సభ్యునికీ తెలియవలెను.

పాఠం మొదలుపెట్టే ముందు ఒక సంగతి చెప్పాలి. ఇది నేను చేసిన పొరపాటు గనుక దాచకుండా చెబుతున్నాను.

నేను ఇన్‌స్పెక్టరుగా కొత్తగా వచ్చిన రోజులవి. దివిసీమ వైపు ఒక గ్రామ సంఘానికి తనిఖీకి వెళ్ళాను. తెల్లవారుజామున పాలు పోయించుకునే వేళ. అంతకు ముందురోజు ఆ కేంద్రం క్యాను ఒకటి, పాలలో సోడా ఉన్నదన్న కారణంతో వెనక్కి వచ్చింది. అందుచేత టెస్టరు ఆ ఉదయం ప్రతి ఒక్కరి పాలకూ సోడా పరీక్ష చేస్తున్నాడు. ఒక సభ్యురాలు మూడు లీటర్ల గేదె పాలు తెచ్చింది. ఆమె పాలు పోసిన పరీక్షనాళికలో లేత గులాబీ ఛాయ కనిపించింది. వరుసలో నిలబడినవారంతా చూశారు. "నిన్నటి క్యాను సంగతి ఇదన్న మాట" అని వెనుకనుండి ఎవరో అన్నారు.

"నా గేదె పాలల్లో నేను సోడా ఎందుకు కలుపుకుంటానండీ? ఇప్పుడే పితికి తెచ్చాను. గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది, పట్టుకు చూడండి" అన్నది ఆవిడ.

"రంగు కనబడుతోంది కదమ్మా" అన్నాను నేను. పాలు తిప్పి పంపించి, తనిఖీ పుస్తకంలో "సోడా కలిపిన పాలు" అని రాసి సంతకం చేశాను.

ఆ రాసినది తప్పు. రంగు అబద్ధం చెప్పలేదు. రంగు చెప్పినదానికి మించి నేను చదివాను. అది ఎట్లాగో తెలియాలంటే ముందు పాఠం తెలియాలి.

1. ఆమ్లము, క్షారము అంటే ఏమిటి?

చింతపండు పులుసు, నిమ్మరసం, పులిసిన మజ్జిగ – వీటన్నిటికీ పులుపు ఉంటుంది. పులుపునిచ్చే పదార్థాన్ని శాస్త్రంలో ఆమ్లం అంటారు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. పులిసిన పాలనుండి ఈ లాక్టిక్ ఆమ్లాన్ని మొట్టమొదట వేరుచేసినవాడు స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త షీలే. అది 1780వ సంవత్సరం.

ఇక సున్నపునీళ్ళు, తినే సోడా, బట్టల సోడా, కట్టెల బూడిద నానవేసిన నీళ్ళు మరొక జాతి. వీటిలో ముంచిన వేళ్ళు జారుతున్నట్లు ఉంటాయి. ఇవి క్షారాలు. పూర్వం చాకలివారు చౌడు మట్టితో బట్టలు ఉతికేవారు. ఆ మట్టిలోని సోడాయే మురికిని, జిడ్డును వదిలించేది.

ఆమ్లాన్ని నీటిలో కలిపితే హైడ్రోజన్ అయాన్లు ఎక్కువవుతాయి. క్షారాన్ని కలిపితే హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువవుతాయి. ఈ రెండూ కలుసుకుంటే నీరుగా మారిపోతాయి. అందువలననే ఆమ్లం మీద క్షారం పోస్తే రెండింటి బలమూ తగ్గుతుంది. దీనినే తటస్థీకరణం అంటారు. ఈ మాటను గుర్తు పెట్టుకోండి. పాలలో సోడా కలిపేవారి మోసమంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది.

నాలుకతో, చేతితో గుర్తుపట్టడం మంచి పద్ధతి కాదు. బలమైన ఆమ్లాలు, క్షారాలు చర్మాన్ని, కళ్ళను కాలుస్తాయి. పైగా ఆనవాళ్ళు మోసగించవచ్చు. కుంకుడు రసం జారుతుంది, నురుగు కూడా వస్తుంది. కాని అది క్షారం కాదు, కొద్దిగా ఆమ్లం వైపే ఉంటుంది. కాబట్టి తెలియని ద్రావణాన్ని రుచి చూడకూడదు, తాకకూడదు. రంగు మార్చే పదార్థంతో పరీక్షించవలెను.

2. రంగు చెప్పే సాక్షులు

ఇట్లా రంగు మార్చి చెప్పే పదార్థాలను సూచికలు అంటారు. 1664లో ఇంగ్లాండులో రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త, వయొలెట్ పూల పానకం ఆమ్లంలో ఎర్రగాను, క్షారంలో ఆకుపచ్చగాను మారుతుందని తన గ్రంథంలో రాశాడు. మన ఇళ్ళలో అంతకన్న తెలిసిన సూచిక ఉన్నది. పెళ్ళికూతురి పాదాలకు పూసే పారాణి ఎట్లా చేస్తారు? పసుపులో సున్నం కలుపుతారు. పచ్చని పసుపు, తెల్లని సున్నం కలిసి ఎర్రబడతాయి. హారతి పళ్ళెంలోని ఎర్రనీళ్ళూ అంతే. సున్నం క్షారం గనుక పసుపు ఎర్రబడింది. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండితే తిరిగి పచ్చనవుతుంది. ఈ ప్రయోగం ఇంట్లో పిల్లలచేత చేయించవచ్చును.

పసుపు కాగితం ఇట్లా చేసుకోవచ్చు. ఒక చెంచా పసుపును కొద్ది స్పిరిటులో కలిపి, తేరిన పచ్చని ద్రవంలో వడపోత కాగితాన్ని ముంచి, నీడన ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరించి సీసాలో దాచుకోవలెను. అయితే పసుపులో ఒక లోపం ఉన్నది. క్షారంలో ఎర్రబడుతుందే గాని, ఆమ్లంలోను, మామూలు నీటిలోను పచ్చగానే ఉండిపోతుంది. పసుపు మారలేదంటే "ఇది చెప్పుకోదగ్గ క్షారం కాదు" అని మాత్రమే అర్థం. "ఇది ఆమ్లం" అని అర్థం కాదు.

ఈ లోపం లేనిది లిట్మస్ కాగితం. రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద నాచులాగా పెరిగే లైకెన్‌ల నుండి ఈ రంగు తీస్తారు. నీలం, ఎరుపు అని రెండు రకాల కాగితాలు దొరుకుతాయి. పరీక్షకు రెండూ వాడవలెను.

నీలం కాగితం ఎర్రబడి, ఎర్ర కాగితం మారకపోతే – ఆమ్లం.
ఎర్ర కాగితం నీలమై, నీలం కాగితం మారకపోతే – క్షారం.
రెండూ మారకపోతే – తటస్థం. ఉప్పునీరు, పంచదార నీరు ఇటువంటివి.

ఒక్క కాగితంతోనే పరీక్ష చేసి తీర్పు చెప్పడం, ఒక పక్షం మాట మాత్రమే విని పంచాయతీ తీర్చడం వంటిది.

3. ఎంత పులుపు? ఎంత క్షారం?

లిట్మస్ "ఎటువైపు" అన్నది చెబుతుంది, "ఎంత" అన్నది చెప్పదు. నిమ్మరసానికీ పెరుగుకూ ఒకే ఎరుపు చూపిస్తుంది. ఎంత అన్నది తెలపడానికి 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్కు శాస్త్రవేత్త పి.హెచ్. అనే కొలతను ప్రవేశపెట్టాడు. ఆయన పనిచేసినది కోపెన్‌హాగెన్‌లో, కార్ల్స్‌బర్గ్ అనే బీరు తయారీదారుల ప్రయోగశాలలో. పులియబెట్టే పరిశ్రమకు పులుపు కొలత కావలసి వచ్చింది. పులియకుండా కాపాడుకునే మన పరిశ్రమకూ అదే కొలత కావలసి వచ్చింది.

ఈ కొలతలో 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. సుమారు లెక్కలు ఇవి: నిమ్మరసం 2, పెరుగు 4.5, తాజా పాలు 6.6 నుండి 6.8, శుద్ధమైన నీరు 7, తినే సోడా ద్రావణం 8.3, బట్టల సోడా ద్రావణం 11, తేరిన సున్నపునీరు 12.4.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మెట్లు సమానమైన మెట్లు కావు. ఒక్కొక్క మెట్టు దిగితే ఆమ్ల బలం పది రెట్లు పెరుగుతుంది. 6 ఉన్న ద్రావణం కంటె 5 ఉన్న ద్రావణం పది రెట్లు, 4 ఉన్నది నూరు రెట్లు ఆమ్లం. కాబట్టి 6.7 నుండి 6.4కు దిగిన పాలను చూసి "మూడు పదోవంతులే కదా" అని తేలికగా తీసుకోకూడదు.

4. పాలు ఎటువైపు?

ఇప్పుడు మన సరుకు దగ్గరకు వద్దాం. అప్పుడే పితికిన పాలలో రెండు లిట్మస్ కాగితాలూ ముంచండి. ఒక వింత కనిపిస్తుంది. నీలం కాగితం కొద్దిగా ఎర్రబడుతుంది, ఎర్ర కాగితం కొద్దిగా నీలమవుతుంది. లిట్మస్ పూర్తిగా ఎర్రబడేది సుమారు 5 దగ్గర, పూర్తిగా నీలమయ్యేది 8 దాటిన తరువాత. పాలు ఈ రెండింటి నడుమ ఉన్నాయి గనుక అది తేల్చి చెప్పలేదు. ఒకవేళ లిట్మస్ బాగా ఎర్రబడేదాకా ఆగితే, అప్పటికి పాలు పెరుగు దారి పట్టి ఉంటాయి. అందుచేత పాల తాజాదనం తేల్చడానికి లిట్మస్ పనికిరాదు. పాత్రలు, క్యాన్లు కడిగిన నీటిని పరీక్షించడానికి అది మంచి సాధనం.

తాజా పాలు కొద్దిగా ఆమ్లం వైపు ఎందుకు ఉన్నాయి? పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి, ఫాస్ఫేటులు, సిట్రేటులు ఇందుకు కారణం. దీనిని సహజ ఆమ్లత అంటారు. లాక్టిక్ ఆమ్లంగా లెక్కకడితే ఇది ఆవు పాలలో సుమారు 0.13 నుండి 0.14 శాతం, గేదె పాలలో 0.14 నుండి 0.15 శాతం ఉంటుంది. ఇది పాల తప్పూ కాదు, పోసినవారి తప్పూ కాదు.

తరువాత వచ్చేది పెరిగిన ఆమ్లత. చేతుల నుండి, పాత్రల నుండి, పొదుగు నుండి చేరిన సూక్ష్మక్రిములు పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. మన డెల్టాలో ఏప్రిల్, మే నెలల ఎండకు ఈ పని ఎంత వేగంగా జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. పి.హెచ్. 4.6 దగ్గరకు వచ్చేసరికి కేసిన్ తనంతట తానే గడ్డకడుతుంది. అదే పెరుగు. కాని కాచేటప్పుడు అంతకన్న చాలా ముందే పాలు విరిగిపోతాయి. వాసనకు, చూపుకు బాగున్న పాలు పొయ్యి మీద విరగడానికి కారణం ఇదే.

దీనిని కనిపెట్టే పరీక్షలు మూడు.

మొదటిది కాచి చూసే పరీక్ష, అనగా సి.ఓ.బి. పరీక్ష. పరీక్షనాళికలో 5 మి.లీ. పాలు తీసుకుని, మరుగుతున్న నీటిలో 5 నిమిషాలు ఉంచి, బయటకు తీసి వంచి చూడవలెను. నాళిక గోడకు పలుకులు అంటుకుంటే ఆ పాలు వేడికి ఆగవు. ఆమ్లత 0.17 శాతం దాటిన పాలు సాధారణంగా ఈ పరీక్షలో విరుగుతాయి.

రెండవది ఆల్కహాల్ పరీక్ష. 68 నుండి 70 శాతం ఆల్కహాల్, పాలు సమభాగాలుగా కలిపి చూడవలెను. పలుకులు వస్తే అనుమానించాలి. అయితే జున్నుపాలు, పొదుగువాపు ఉన్న పశువు పాలు కూడా ఈ పరీక్షలో విరగవచ్చు. విరిగినదంతా నిల్వ పాలే అనుకోరాదు.

మూడవది ఆమ్లత కొలిచే పరీక్ష. 10 మి.లీ. పాలలో కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని బ్యూరెట్టు నుండి చుక్క చుక్కగా వదలవలెను. లేత గులాబీ రంగు వచ్చి నిలవగానే ఆపవలెను. ఖర్చయిన మిల్లీలీటర్లను 0.09తో హెచ్చవేస్తే సుమారు ఆమ్లత శాతం వస్తుంది. 1.6 మి.లీ. ఖర్చయితే 0.144 శాతం – మంచి పాలు. 2.2 మి.లీ. ఖర్చయితే 0.198 శాతం – అవి వేడికి ఆగే పాలు కావు. ఇక్కడ మనం చేస్తున్నది తటస్థీకరణమే. ఎంత క్షారం పడితే పులుపు తీరిందో దానిని బట్టి ఎంత పులుపు ఉన్నదో లెక్కకడుతున్నాం.

5. సోడా వేస్తే పాలు బాగుపడవా?

ఈ ప్రశ్న నన్ను నేరుగా అడిగినవారున్నారు. "పులుపుకు విరుగుడు క్షారమని మీరే అంటున్నారు గదండీ, చిటికెడు తినే సోడా వేస్తే తప్పేమిటి?" అని.

సమాధానం చెబుతాను. సోడా పులుపును తీస్తుంది, పులుపు పుట్టించిన క్రిములను తీయదు. లాక్టిక్ ఆమ్లం సోడాతో కలిసి సోడియం లాక్టేటు అనే లవణంగా మారుతుంది, కొంత బొగ్గుపులుసు వాయువు పోతుంది. క్రిములు మాత్రం అక్కడే ఉంటాయి. పులుపు పెరిగేకొద్దీ వాటి జోరుకు కొంత అడ్డు పడేది. ఆ అడ్డును సోడా తొలగిస్తుంది. జ్వరం వచ్చినవాడి చంకలోని జ్వరమానిని మాత్రం తీసి దాచిపెట్టినట్లు, పాలు పాడైన గుర్తును దాచడమే సోడా చేసే పని. ఆ పాలు తాగే పసిబిడ్డకు ఆ సంగతి తెలియదు.

ఇది చట్టరీత్యా కూడా నేరం. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కిందా నేరమే. దాని స్థానంలో వచ్చి, 2011 ఆగస్టు నుండి అమలులో ఉన్న 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందా నేరమే.

సోడాను కనిపెట్టడానికి కేంద్రాలలో చేసేది రోసాలిక్ ఆసిడ్ పరీక్ష. 5 మి.లీ. పాలకు 5 మి.లీ. ఆల్కహాల్ కలిపి, నాలుగైదు చుక్కల ఒక శాతం రోసాలిక్ ఆసిడ్ ద్రావణం వేసి కలపవలెను. మంచి పాలలో గోధుమ కలిసిన నారింజ ఛాయ వస్తుంది. సోడా మిగిలి ఉన్న పాలలో గులాబీ ఎరుపు వస్తుంది.

"మిగిలి ఉన్న" అన్న మాటను గమనించండి. పులిసిన పాలలో సరిగ్గా పులుపు తీరేటంత సోడా మాత్రమే పడితే, రెండూ చెల్లుకు చెల్లు అయిపోతాయి. రోసాలిక్ ఆసిడ్ రంగు మారదు. దొంగ తప్పించుకుంటాడు. అటువంటి పాలను ప్రయోగశాలలో కాల్చి, బూడిదలోని క్షారాన్ని కొలిచి పట్టుకుంటారు. పులుపు మంటలో పోతుంది గాని సోడా బూడిదలో మిగులుతుంది. 20 మి.లీ. పాల బూడిదకు 0.1 నార్మల్ ఆమ్లం 1.2 మి.లీ. కంటె ఎక్కువ ఖర్చయితే, పాలలో క్షారం కలిసినట్లు లెక్క.

కాబట్టి రోసాలిక్ ఆసిడ్ రంగు మారకపోయినంత మాత్రాన సోడా కలపలేదని రుజువు కాదు. అట్లాగే రంగు మారినంత మాత్రాన సోడా కలిపారని కూడా రుజువు కాదు. ఈ రెండవ సగమే నాకు ఆ రోజున తెలియలేదు.

6. క్షారమంతా సోడా కాదు

ఆ తనిఖీ ముగించుకుని గవర్నర్‌పేట వచ్చాను గాని ఆవిడ అన్న మాట మనసులో మెదులుతూనే ఉన్నది. "ఇప్పుడే పితికి తెచ్చాను, గిన్నె వెచ్చగా ఉంది." వెచ్చని పాలు ఇంకా పులియలేదు. పులియని పాలలో ఎవరైనా సోడా ఎందుకు కలుపుతారు? పులుపు లేనిచోట పులుపుకు విరుగుడుతో పనేమిటి?

ఒక పశువైద్యుణ్ణి అడిగాను. ఆయన నన్నే తిరిగి అడిగాడు, "పొదుగు చూశారా?" అని. చూడలేదు.

పొదుగువాపు వచ్చినప్పుడు చన్నులోని కణజాలం దెబ్బతింటుంది. రక్తంలోని ఉప్పు, బైకార్బొనేటు వంటి లవణాలు పాలలోకి దిగుతాయి. రక్తం పి.హెచ్. సుమారు 7.4. కాబట్టి ఆ పాలు 6.7 దగ్గర ఉండక 7 దాకా, ఒక్కొక్కసారి 7 దాటి కూడా పోతాయి. రోసాలిక్ ఆసిడ్ రంగు మారడం మొదలయ్యేది ఈ ప్రాంతంలోనే. సోడా కలపకుండానే గులాబీ ఛాయ రావడానికి ఇది చాలు.

బీసెంట్ రోడ్డు పక్క సందులో సైన్సు సామాన్ల కొట్టు ఒకటి ఉండేది. అక్కడ బ్రోమోథైమోల్ బ్లూ అనే సూచిక కొని, కాగితాలకు పట్టించి ఆరబెట్టుకున్నాను. ఇది 6 దగ్గర పసుపుగాను, 7.6 దగ్గర నీలంగాను, నడుమ ఆకుపచ్చగాను ఉంటుంది. పాలు ఉండే చోటనే రంగు మారుస్తుంది గనుక మన పనికి లిట్మస్ కంటె ఎన్నో రెట్లు మేలు.

ఎనిమిదవ రోజున ఆ ఊరు వెళ్ళి, నేరుగా ఆవిడ ఇంటికి పోయాను. నాలుగు చన్నుల పాలు నాలుగు కాగితాల మీద వేరువేరుగా వేయించాను. మూడు కాగితాలు పసుపు కలిసిన లేత ఆకుపచ్చగా ఉన్నాయి. నాలుగవది నీలి ఆకుపచ్చ అయింది. ఆ చన్ను చేతికి కొంచెం గట్టిగా తగిలింది. మొదటి ధారలో సన్నని పలుకులు కనిపించాయి. "వారం నుంచీ పాలు ఉప్పగా ఉన్నాయని మా మనవడు తాగటం లేదండీ. నీళ్ళ దోషం అనుకున్నాం" అన్నది ఆవిడ. పశువైద్యుణ్ణి పిలిపించాము. చికిత్స జరిగింది. మందు వాడిన రోజులు, ఆ తరువాత డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు ఆ పాలు కేంద్రానికి పోయవద్దని చెప్పాము.

ముందురోజు వెనక్కి వచ్చిన క్యాను సంగతి కూడా తేలింది. అది ఎవరి పాలవలనా కాదు. క్యాన్లను బట్టల సోడాతో కడిగి, ఒక్కసారే నీళ్ళు తొలిపి బోర్లించేవారు. క్యాను అడుగున మిగిలిన సోడా నీళ్ళలో ఎర్ర లిట్మస్ ముంచితే వెంటనే నీలమయింది.

తనిఖీ పుస్తకంలో నేను రాసిన మాటను కొట్టివేసి, కారణం రాసి, సంతకం పెట్టాను. పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించమని సెక్రటరీని కోరాను. ఆయన చదివాడు. కాని పుస్తకంలోని మాటకు ఒక గీత చాలింది, ఊరిలో ఎనిమిది రోజులు తిరిగిన మాటకు అది చాలలేదు. ఆవిడ ఆ తరువాత కేంద్రానికి స్వయంగా రాలేదు. కోడలిచేత పాలు పంపించేది.

7. తీర్పు చెప్పే ముందు

పరీక్షనాళిక పాల స్థితిని చెబుతుంది. మనిషి నడతను చెప్పదు. అందుచేత పరీక్షలో తేడా వచ్చినప్పుడు కారణాలను వరుసగా పరిశీలించవలెను.

పాలు ఆమ్లం వైపు ఎక్కువగా ఉంటే – (అ) పితికి ఎంతసేపయింది? పూటపాలలో నిల్వపాలు కలిశాయా? (ఆ) పాత్ర శుభ్రంగా ఉన్నదా? (ఇ) పశువు కొత్తగా ఈనినదా? జున్నుపాలకు సహజంగానే ఆమ్లత ఎక్కువ.

పాలు క్షారం వైపు ఉంటే – (అ) పాత్రలో, క్యానులో, పరీక్షనాళికలో సోడా మిగిలి ఉన్నదా? (ఆ) పొదుగువాపు ఉన్నదా? (ఇ) ఈ రెండూ లేవని తేలిన తరువాతనే, సోడా కలిపారా?

టెస్టర్లు, సెక్రటరీలు ఈ క్రింది నియమాలు పాటించవలెను.

(1) అనుమానపు పాలతోపాటు, మంచివని తెలిసిన పాలను కూడా పక్క నాళికలో పోసి రెండు రంగులనూ పోల్చి చూడవలెను. ఒక్క నాళికను మాత్రమే చూసి ఛాయలు నిర్ణయించరాదు.

(2) రెండవసారి పరీక్షను సభ్యుని కళ్ళ ఎదుట, మంచినీటితో తొలిపిన నాళికలో చేయవలెను.

(3) తేడా వచ్చిన పాలను క్యానులో కలపరాదు. కారణం ఏదైనా అవి అందరి పాలనూ పాడుచేస్తాయి. తిప్పి పంపడం వేరు, నింద వేయడం వేరు.

(4) పుస్తకంలో కనబడినదే రాయవలెను. "రోసాలిక్ ఆసిడ్ పరీక్షలో గులాబీ ఛాయ వచ్చినది" అని రాయండి. "సోడా కలిపినారు" అని రాయకండి. అవసరమైతే నమూనాను ప్రయోగశాలకు పంపండి.

(5) క్యాన్లను కడిగిన తరువాత చివరి నీళ్ళలో ఎర్ర లిట్మస్ ముంచి చూడవలెను. నీలమైతే మళ్ళీ తొలపవలెను. అయితే కొన్ని ఊళ్ళ బావినీరే క్షారం వైపు ఉంటుంది గనుక, తొలపడానికి వాడే నీటిని ముందు పరీక్షించి దానితో పోల్చండి. అల్యూమినియం క్యాన్లకు గాఢమైన సోడా వాడరాదు, లోహాన్ని తినివేస్తుంది.

(6) పాత్రలకు పట్టిన జిడ్డు క్షారంతో పోతుంది. గట్టిపడిన తెల్లని పాలచార ఆమ్లంతో పోతుంది. రెండింటినీ ఒకేసారి కలిపి వాడితే ఒకదానినొకటి తటస్థం చేసుకుని ఏ పనీ జరగదు. బ్లీచింగు పౌడరులో ఆమ్లాన్ని ఎన్నడూ కలపరాదు, ప్రాణాపాయమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

(7) పరీక్షకు తీసిన పాలను పారబోయవలెను. తిరిగి క్యానులో పోయరాదు.

సభ్యులు చేయవలసినవి కూడా ఉన్నాయి. పితికే ముందు ప్రతి చన్ను నుండి మొదటి ధారలను నల్లని పళ్ళెంలో పిండి చూడండి, పలుకులుంటే డాక్టరుకు చూపించండి. పాలు ఉప్పగా ఉన్నాయని ఇంట్లో పిల్లలు అంటే కొట్టిపారేయకండి. పితికిన పాలను వెంటనే కేంద్రానికి చేర్చండి. ఇప్పుడు చాలా చోట్ల పాలను 4 డిగ్రీలకు చల్లబరిచే కూలర్లు వచ్చాయి. చల్లదనం క్రిముల జోరును ఆపుతుందే గాని, అప్పటికే పుట్టిన పులుపును వెనక్కి తీయలేదు.

ఈ క్రింది ప్రశ్నలను వచ్చే సమావేశంలో సభ్యులందరి ముందూ చర్చించండి.

1. పసుపు కాగితం మారలేదు. ఆ ద్రావణం ఆమ్లమని చెప్పవచ్చునా?
2. తాజా పాలలో రెండు లిట్మస్ కాగితాలూ కొద్దికొద్దిగా ఎందుకు మారతాయి?
3. ఆమ్లత 0.144 శాతం ఉన్న పాలను మంచి పాలని తీసుకున్నాము. పులిసిన పాలలో సోడా కలిపి కూడా ఇదే అంకె తెప్పించవచ్చు. తేడా ఎట్లా తెలుస్తుంది?
4. వెచ్చగా ఉన్న తాజా పాలలో గులాబీ ఛాయ వచ్చింది. మీరు మొదట ఏమి చూస్తారు?

నాలుగవ ప్రశ్నకు నేను ఒకసారి తప్పు సమాధానం రాశాను. మీ కేంద్రంలో ఎవరూ ఆ సమాధానం రాయకుండా చూడండి.

– సహకార ఇన్‌స్పెక్టరు, గవర్నర్‌పేట, విజయవాడ